జీఎన్‌ఎం చేసి తర్వాత డిగ్రీకి వెళ్లాలా, నేరుగా బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ 72 శాతం మార్కులతో పాసైంది. ముందు జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చేయించి, ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేయించవచ్చని బంధువులు అంటున్నారు. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు కూడా వచ్చాడు. ఏం చేయమంటారు?

జవాబు: బైపీసీ చదివి, మంచి మార్కులు తెచ్చుకున్న మీ అమ్మాయిని నేరుగా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించడమే మేలని నా అభిప్రాయం. జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా. అది పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, ఆపైన రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివితేనే డిగ్రీ చేతికి వస్తుంది కనుక, ఆ దారిలో మొత్తం ఐదేళ్లు పడుతుంది. రెగ్యులర్ పోస్ట్ బేసిక్ పూర్తికాలపు కోర్సు కాబట్టి, మీ బంధువులు చెప్పినట్లు ఉద్యోగం చేసుకుంటూ చదవడం కుదరదు. జీతం మానుకుని మళ్లీ తరగతి గదికి వెళ్లాలి. ఈలోగా పెళ్లి మాటలు మొదలై, డిగ్రీ ఆలోచన అటకెక్కే ఇళ్లు తక్కువేమీ కాదు.

ఉద్యోగాల దగ్గర కూడా తేడా ఉంది. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి జరిపే నార్‌సెట్ పరీక్షకు, కౌన్సిల్‌లో నమోదైన బీఎస్సీ అభ్యర్థులు అనుభవం లేకుండానే దరఖాస్తు చేయవచ్చు. జీఎన్‌ఎం చదివినవారు మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి ఉండాలి.

అలాగని జీఎన్‌ఎంను చిన్నచూపు చూడనవసరం లేదు. ఇంటర్‌లో సైన్సు చదవనివారికీ, బీఎస్సీకి కావలసిన 45 శాతం మార్కులు రానివారికీ, మూడేళ్లలో ఇంటికి సంపాదన అందించక తప్పనివారికీ అది సరైన దారే.

అయితే కోర్సు కంటే కాలేజీని ఎంచుకోవడంలోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని భారత నర్సింగ్ మండలి నిబంధన. అది కాగితం మీద ఉందా, నిజంగా నడుస్తోందా అన్నది బ్రోషర్ చూస్తే తెలియదు. ఒక పనిరోజు ఉదయం అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ ఆసుపత్రికే వెళ్లండి. జనరల్ వార్డులో మంచాలు నిండి ఉన్నాయా, యూనిఫాంలో ఉన్న విద్యార్థినులు బీపీ చూస్తూ, కేస్ షీట్ రాస్తూ కనిపిస్తున్నారా, లేక గోడకు ఆనుకుని నిలబడ్డారా అన్నది గమనించండి. మూడో సంవత్సరం అమ్మాయిని పలకరించి, ప్రసూతి పోస్టింగ్ ఎక్కడ వేశారో, ఎన్ని కాన్పులు దగ్గరుండి చూసిందో అడగండి. ఆమె తడుముకుంటే ఆ కాలేజీని పక్కన పెట్టండి.

బెంగళూరులో మంచి కాలేజీలు లేకపోలేదు గానీ, ఏజెంటు మాట మీద మాత్రం వెళ్లకండి. కాలేజీకి ఆ రాష్ట్ర కౌన్సిల్, విశ్వవిద్యాలయాల గుర్తింపు ఉందో లేదో మీరే సరిచూసుకోండి. డబ్బు కాలేజీ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి ఇవ్వకండి. దానికంటే ముందు, మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్ కోసం చూసి, గడువులోగా దరఖాస్తు చేయించండి. నీట్ రాసి ఉంటే, అవివాహిత యువతులకు సైనిక నర్సింగ్ కాలేజీల్లో ఉండే బీఎస్సీ సీట్లకూ ప్రయత్నించవచ్చు.