వోల్టేజీ తగ్గిస్తే ఆదా ఎంత?

ప్రశ్న: మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 100 కేవీఏ. రాత్రి పదకొండు దాటితే ఇంట్లో 250 వోల్టులు వస్తున్నాయి. ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ మీద వోల్టేజీ పెంచి తగ్గించే స్విచ్చు) మార్చి తగ్గిస్తే వీధంతటికీ కరెంటు ఆదా అంటున్నారు. నిజమో కాదో తేల్చేదెలా?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: నెల బిల్లులు పక్కపక్కన పెట్టుకుంటే ఎప్పటికీ తేలదు. మే ఉక్కపోతకీ జూలై వానలకీ ఫ్యాన్ల వాడకమే మారిపోతుంది. ఆ తేడాలో 2 శాతం ఆదా కలిసిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీటరులో అరగంటకోసారి యూనిట్లు, వోల్టేజీ నమోదు కావాలి. ఒక వారం పాత ట్యాప్, మరో వారం కొత్త ట్యాప్, ఇలా మార్చి మార్చి కనీసం ఎనిమిది వారాలు నడపాలి. సప్లై పోయిన రోజులు, పండగలు, పక్క ట్రాన్స్‌ఫార్మర్ లోడు ఇటు కలిపిన రోజులు లెక్కలోంచి తీసేయాలి. సోమవారాన్ని అంతే ఎండ కాసిన మరో సోమవారంతోనే పోల్చాలి.

ఉదాహరణకు సగటు వోల్టేజీ 244 నుంచి 238కి దిగి, రోజు వాడకం 600 యూనిట్ల నుంచి 591కి తగ్గిందనుకోండి. వోల్టేజీ తగ్గింది 2.5 శాతం, వాడకం తగ్గింది 1.5 శాతం. వాడకం శాతాన్ని వోల్టేజీ శాతంతో భాగిస్తే 0.6, అంటే వోల్టేజీ ఒక శాతం తగ్గితే వాడకం 0.6 శాతం తగ్గినట్టు. అసలు చూడాల్సింది ఈ అంకెనే. పాత బల్బులు, మామూలు ఫ్యాన్లు ఎక్కువుంటే ఇది పెరుగుతుంది. ఎల్‌ఈడీలు, ఇన్వర్టర్ ఏసీలు ఎక్కువుంటే పడిపోతుంది. గీజరు ఆదా చేయదు, నీళ్లు కాగేదాకా ఇంకాసేపు నడుస్తుందంతే.

ట్యాప్ ప్లేటు దగ్గరే చాలామంది పొరబడతారు. 11550, 11275, 11000, 10725, 10450 అన్న అంకెలు 11 కేవీ వైపువి, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లోకి 11,000 వోల్టుల కరెంటు వచ్చే వైపువి. అంకె పెంచితే మన వైపు వోల్టేజీ తగ్గుతుంది. 11000 నుంచి 11275కి మారిస్తే 250 కాస్తా 244 అవుతుంది. తగ్గించాలని 10725లో పెడితే 256కి ఎక్కుతుంది! సప్లై పూర్తిగా ఆపి సెక్షన్ ఆఫీసు సిబ్బందే మార్చాలి. కరెంటు ఉండగా తిప్పితే కాంటాక్టులు కాలిపోతాయి. కొన్ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ట్యాపే ఉండదు.

మార్చేముందు వీధి చివరి స్తంభం దగ్గరి ఇంట్లో సాయంత్రం 7 నుంచి 10 వరకు వోల్టేజీ చూడండి. ఇంట్లో వోల్టేజీ 240 కంటే 6 శాతానికి మించి తగ్గకుండా చూసుకోవాలి, అంటే దాదాపు 226. మార్చాక అంతకంటే దిగేలా ఉంటే ట్యాప్ ముట్టుకోవద్దు, ముందు మూడు ఫేజుల మీదా లోడు సమంగా పంచమనండి.

ప్రశ్న: మా బియ్యం మిల్లు మోటారుకీ లాభముంటుందా?
- మరో పాఠకుడు, గుణుపూర్

జవాబు: నిండు లోడు మీద నడిచే మోటారుకు ఉండదు. వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి, వైండింగ్ వేడెక్కుతుంది. ధాన్యం సీజన్‌లో తగ్గించమని అడగకండి.