ఆర్థ్రోస్కోపీయా, కీళ్ల మార్పిడా: ఇప్పుడే తేల్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ చివరి సంవత్సరంలో ఉంది. ఆర్థోపెడిక్స్ చేస్తానంటోంది. ఎముకల ఆపరేషన్లకు మగవాళ్ల బలం కావాలంటారు కదా! చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ సర్జరీ (ఆర్థ్రోస్కోపీ) అయితే సున్నితమైన పని, గిరాకీ కూడా బాగుందట. కీళ్ల మార్పిడి కన్నా అదే మేలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు శాఖల గురించి. మీ అసలు టెన్షన్ మాత్రం అమ్మాయి తట్టుకోగలదా అని. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. తప్పకుండా తట్టుకుంటుంది. కీళ్ల మార్పిడిలో ఎముక కోసే మిషన్లు ఉంటాయి, పక్కన సహాయకులు ఉంటారు. బల్ల ఎత్తు సరిచేసుకోవడం, ఒడుపు తెలియడం కండబలం కన్నా ముఖ్యం.

ఆర్థ్రోస్కోపీ సులువనుకోవడం కూడా పొరపాటే. మోకాలిని సెలైన్‌తో నింపి, దాదాపు 4 మిల్లీమీటర్ల లావున్న కెమెరా గొట్టం లోపలికి పంపుతారు. ఒక చేతిలో కెమెరా, రెండో చేతిలో పరికరం, కళ్లేమో తెర మీద. లెన్స్ సాధారణంగా 30 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి గొట్టం చూపే దిక్కు వేరు, తెర మీద కనిపించేది వేరు. చేయి కుదరడానికి చాలా కాలం పడుతుంది. లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కొత్తగా వేయాలంటే ఎముకకు డ్రిల్లింగ్ కూడా చేయాలి.

ఇక గిరాకీ మాట. నాకు అనుమానం అక్కడే. 2002లో అమెరికాలో మోకాళ్లు అరిగిన 180 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరికి కీలు లోపల శుభ్రం చేశారు, కొందరికి పైపైన గాట్లు మాత్రమే పెట్టారు. రెండేళ్లు గమనించినా నొప్పిలో తేడా కనిపించలేదు. అరిగిన మోకాలికి ఈ పద్ధతి వద్దని తర్వాత వైద్య మార్గదర్శకాలే చెప్పాయి. తెగిన లిగమెంటుకు, పదే పదే జారే భుజానికి, చిరిగి ఇరుక్కుపోయిన మెనిస్కస్‌కు (మోకాలిలో మెత్తలా ఉండే మృదులాస్థికి) మాత్రం ఇది ఇప్పటికీ గొప్ప వైద్యం. గొట్టం ఎప్పుడు పెట్టకూడదో తెలిసిన డాక్టరే రోగికి కావాలి. గిరాకీ చూసి వచ్చిన పిల్లలకు ఆ నిగ్రహం ఎక్కడ అలవడుతుంది? ఈ ఆశ వాళ్లలో నాటేది తల్లిదండ్రులే. కోపం తెచ్చుకోకండి, మీరూ అదే చేస్తున్నారు.

పోలిక అడిగారు కాబట్టి: మార్పిడికి ఎక్కువగా పెద్ద వయసువాళ్లు వస్తారు, ఆర్థ్రోస్కోపీకి ఎక్కువగా ఆటల్లో దెబ్బ తగిలిన పడుచు వయసువాళ్లు. రెండింటికీ ముందు ఆర్థోపెడిక్స్ పీజీ, అర్ధరాత్రి ఫ్రాక్చర్ డ్యూటీలు తప్పవు. ప్రత్యేక శిక్షణ ఆ తర్వాతే. అప్పటికి తన చేతికి ఏది వస్తుందో తనకే తెలుస్తుంది.

ఈ వారం అమ్మాయిని ఒక్కటి అడగండి: ఆర్థో పోస్టింగ్‌లో నీకేం నచ్చింది? తను చెబుతుంటే మధ్యలో అడ్డురాకండి.