నిమ్మచెట్టు ఆకులు పండుబారుతుంటే ముందు వేరు చూడండి

పెరట్లో నాలుగేళ్ల నిమ్మచెట్టు, వానలు మొదలైనప్పటి నుంచి ఆకులు పసుపుబారి రాలుతున్నాయి, యూరియా రెండుసార్లు వేసినా తగ్గలేదు, షాపులో జింక్ కొట్టమంటున్నారు, కొట్టొచ్చా అని అడిగారు కదా. ఇప్పుడే కొట్టకండి. యూరియా కూడా ఆపేయండి.

మాది అనంతపురం వైపు, రెండెకరాల చీనీ తోట. బత్తాయినే మా దగ్గర చీనీ అంటాం. ఒక ఏడాది తోటలో ఓ మూల చెట్లు వరసగా పండుబారితే పోషకాల లోపమే అనుకుని మైక్రోన్యూట్రియంట్ ప్యాకెట్లు తెచ్చి మూడు విడతలు కొట్టాను. ఆకులు ఇంకా ఎక్కువ రాలాయి. తర్వాత డ్రిప్ పైపు పగిలిందని అక్కడ తవ్వుతుంటే ఒక వేరు చేతికి తగిలింది, పట్టి లాగితే పైతొక్క మెత్తగా జారిపోయి లోపల సన్నని దారం లాంటిది మాత్రం మిగిలింది. కుళ్లు వాసన. తాగే వేరే లేనప్పుడు ఆకు మీద ఎన్ని కొడితే ఏం లాభం? ఆ మూల పల్లం, వాన నీళ్లు మొదళ్ల చుట్టూ రోజులకొద్దీ నిలిచేవి, దానికి తోడు నేను మిగతా తోటతో పాటు అక్కడ కూడా డ్రిప్ వదిలేవాణ్ణి. 14 చెట్లు పోయాయి. ఏడేళ్లు పెంచిన చెట్లవి, ఇప్పటికీ ఆ వరసలో నడుస్తుంటే బాధగానే ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, మొదలుకు రెండడుగుల దూరంలో జానెడు లోతు మట్టి మెల్లగా తీసి పిల్లవేళ్లు చూడండి. లేత రంగులో గట్టిగా ఉంటే వేరు బాగున్నట్టే. నల్లబడి తొక్క ఊడివస్తుంటే వేరుకుళ్లు. చెట్టు మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతోందేమో కూడా చూడండి. ఆకులో మిగతా అంతా పచ్చగా ఉండి నడి ఈనె మాత్రం పసుపుబారినా అనుమానం వేరు మీదకీ మొదలు మీదకీ వెళ్లాలి. మీ చెట్టుకి వానల్లోనే మొదలైందన్నారు కాబట్టి నాకు ఇదే ఎక్కువ అనిపిస్తోంది.

కుళ్లు కనిపిస్తే నీళ్లు తగ్గించి, మొదలుకు రెండడుగుల దూరంలో చిన్న గట్టు వేసి, నీళ్లు ఆ గట్టు బయటే పారేలా పాదు మార్చండి. మొదలుకు మట్టి మాత్రం ఎగదోయకండి. బంక కారే చోట చెడిన బెరడు చాకుతో గీకేసి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, ఇదీ లెక్క. ఒక్క చెట్టుకి రెండూ 100 గ్రాముల చొప్పున లీటరు నీళ్లలో చేసుకుంటే చాలు, ప్లాస్టిక్ డబ్బాలోనే కలపండి. వేళ్లకైతే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన తెగులు మందు పొడి లీటరుకు 2 గ్రాములు కలిపి పాదులో తడిసేలా పోయండి. ఇంట్లో వాడుకునే కాయలు కదా, పోశాక ఎన్నాళ్లకు కోయాలో ప్యాకెట్ మీద చూసుకోండి.

వేళ్లు బాగుంటే అప్పుడు ఆకుల సంగతి. ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. ముదురాకులోనే తొడిమ దగ్గర పచ్చటి త్రికోణం మిగిలి అంచులు పసుపైతే మెగ్నీషియం. లేతాకులు చిన్నవై, ఇరుకై, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడి, కొమ్మ చివర కుచ్చులా వస్తే జింక్, మన నేలల్లో ఇది చాలా ఎక్కువ. లేతాకు సైజు మామూలుగానే ఉండి పచ్చటి ఈనెలు వల అల్లినట్టు కనిపిస్తూ మిగతా అంతా పసుపైతే ఇనుము. సుద్ద నేలలో, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లతో పెరిగే చెట్లకి ఇది తరచూ వస్తుంది, అక్కడ అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) మట్టిలో వేస్తే నేలే పట్టేసుకుంటుంది కాబట్టి ఆకు మీదే కొట్టాలి.

ఈ లోపాలకు మా దగ్గర కొట్టే మిశ్రమం లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, అన్నభేది తలా 2 గ్రాములు, బోరాక్స్ 1 గ్రాము, యూరియా 10 గ్రాములు, సున్నం 6 గ్రాములు. సున్నం విడిగా నానబెట్టి, తేట వడకట్టి కలపండి, అది లేకపోతే ఆకు మాడుతుంది. కొత్త చిగురు వచ్చినప్పుడు, ఎండ తగ్గాక కొట్టండి.

ఒక్కటి మాత్రం దేనికీ లొంగదు. ఆకులో నడి ఈనెకి రెండు పక్కలా మచ్చలు ఒకేలా లేకుండా, ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా ఉండి, కాయలు వంకరపోయి లోపల గింజలు నల్లబడి ఉంటే అది గ్రీనింగ్ తెగులు కావచ్చు. దానికి మందు లేదు. ఆ చెట్టు నుంచి అంట్లు ఎవరికీ ఇవ్వకండి.

ఏది చేసినా ఇప్పటికే పండుబారిన ఆకులు మళ్లీ పచ్చబడలేదని టెన్షన్ పడి రెండో మందు, మూడో మందు వేయకండి. తర్వాత వచ్చే చిగురు రంగు చూడండి.