డొమైన్ అతని పేరున ఉంటే వెబ్‌సైట్ ఎవరిది?

సందేహం: మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్‌తో తులసికోటలు, పూజామందిరాలు చేసి అమ్మే చిన్న యూనిట్ నా పేరున ఉంది. వెబ్‌సైట్, లోగో, ఫొటోల కోసం హైదరాబాద్‌లో ఉండే ఒక ఫ్రీలాన్సర్‌తో 60 వేలకు మాట్లాడుకున్నాం. మాటలన్నీ వాట్సాప్‌లోనే, అగ్రిమెంట్ లేదు. 35 వేలు యూపీఐలో పంపాను. సగం పని చేసి ఆపేశాడు. డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా పేరు, తన పేరున కొన్నాడు. ఒప్పుకున్నదానికి పైన ఇంకో 20 వేలు ఇస్తేనే పాస్‌వర్డులు ఇస్తానంటున్నాడు. పోలీసు కేసు పెట్టవచ్చా? ఇకముందు ఎవరికైనా పని ఇస్తే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అగ్రిమెంట్ రాసుకోలేదని టెన్షన్ పడకండి. పని ఏమిటో, ధర ఎంతో ఇద్దరూ ఒప్పుకుంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది ఒప్పందమే. వాట్సాప్‌లో కుదిరినా చెల్లుతుందని ఐటీ చట్టం సెక్షన్ 10ఎ చెబుతోంది. ఆ చాట్ ఒక్క మెసేజ్ కూడా చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని తేలిక.

పోలీసు కేసు సంగతి. మోసం నేరం, అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 318, నిలబడాలంటే డబ్బు తీసుకునేనాడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో మోసానికీ ఉత్త ఒప్పంద ఉల్లంఘనకూ ఉన్న ఈ తేడాను సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీవాడు సగం పని చేశాడు కాబట్టి ఇది సివిల్ తగాదాగానే కనిపిస్తోంది. స్టేషన్ చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకోవద్దని నా సలహా. తప్పుడు పేరు, తప్పుడు చిరునామా ఇచ్చాడని తేలినా, ముందునుంచీ మీదే అయిన ఇన్‌స్టాగ్రామ్ పేజీ లాంటిదాని పాస్‌వర్డు మార్చేసినా అది వేరే విషయం. పాస్‌వర్డు మార్చేసిన సందర్భంలో ఐటీ చట్టం సెక్షన్ 66 వర్తిస్తుంది, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

మీరు అడగని విషయం ఒకటుంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి లోగో మాదే అని దాదాపు అందరూ అనుకుంటారు. కాపీరైట్ చట్టం అలా చెప్పదు. జీతానికి పనిచేసే ఉద్యోగి చేసినదైతే హక్కు యజమానిది. ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కాడు, కాబట్టి వెబ్‌సైట్ డిజైన్, కోడ్, రాసిన మేటర్, మామూలుగా లోగో కూడా మొదట అతనివే. మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు, వీడియోలు మాత్రం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, మీవే. మిగతావి మీకు రావాలంటే అతని సంతకంతో రాతపూర్వక బదిలీ కావాలని సెక్షన్ 19 అంటుంది. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. మీ సరుకు బయటి దేశాలకూ వెళ్లవచ్చు కదా, అందుకని ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అని రాయించండి.

ఇప్పుడు చేయాల్సింది లాయర్ నోటీసు. అందులో డబ్బుకంటే డొమైన్‌ను ముందు పెట్టమంటాను. 35 వేలు కష్టపడి మళ్లీ సంపాదించుకోవచ్చు. విజిటింగ్ కార్డుల మీద, బోర్డు మీద అచ్చయిన వెబ్‌సైట్ పేరు గడువు తీరి ఇంకొకరి చేతికి పోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. 15 రోజుల్లో డొమైన్ మీ పేరుకు మార్చి, పని పూర్తిచేసి, హక్కుల బదిలీ కాగితం ఇస్తే మిగిలిన 25 వేలు ఇస్తామని, లేకపోతే చేసిన పనికి విలువ కట్టి మిగతాది వెనక్కి ఇవ్వాలని రాయించండి. అదనంగా అడుగుతున్న 20 వేలకు అతనికి హక్కు లేదు. రాజీ కుదిరితే డొమైన్ మీ ఖాతాలోకి వచ్చాకే డబ్బు పంపండి.

జవాబు రాకపోతే హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఒప్పందంలో కొంత భాగం మీ ఊళ్లోనే జరిగింది కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 20 కింద ఒంగోలు కోర్టులో దావా వేసే వీలుంది. ఒప్పందం ఉల్లంఘించిన నాటి నుంచి గడువు 3 ఏళ్లు. అంతకుముందే ఒంగోలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. దావా వేయకుండానే లోక్ అదాలత్‌కు పంపమని అక్కడ అడగవచ్చు. వినియోగదారుల కమిషన్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. వ్యాపారం కోసం తీసుకున్న సేవ అని అవతలివాళ్లు మొదటిరోజే అభ్యంతరం చెబుతారు.

ఇకముందు పని ఇచ్చేటప్పుడు సంగతి. గ్రానైట్ బ్లాకు కొనేటప్పుడు కొలతలు రాసుకోకుండా, పగుళ్లు చూడకుండా మీరు డబ్బు కట్టరు కదా, ఇక్కడా అంతే. ఎన్ని పేజీలు, ఎన్ని ఫొటోలు, ఎన్నిసార్లు మార్పులు, ఏ తేదీకి అన్నది ఒక్క పేజీలో రాసి ఈమెయిల్‌లో ‘ఒప్పుకుంటున్నాను’ అనిపించుకోండి. హక్కుల బదిలీకి మాత్రం సంతకం తప్పదు. డొమైన్, హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను ఉంచే సర్వర్ చోటు) మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొని అతనికి పనిచేసే అనుమతి మాత్రం ఇవ్వండి. పాన్‌లో ఉన్న పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటేనా చూసుకోండి. ఇంతకుముందు పని చేయించుకున్న ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి. గడువులోగా ఇచ్చాడా అని కాదు, గొడవ వచ్చినప్పుడు ఫోన్ ఎత్తాడా అని అడగండి. మనిషి నిలకడ అక్కడే తెలుస్తుంది. పెద్ద పని అప్పగించేముందు రెండు మూడు వేల చిన్న పని డబ్బిచ్చే చేయించండి. అడ్వాన్సు పాతిక శాతం దాటనివ్వకండి.

‘మా పోటీదారులకు ఎప్పటికీ పని చేయకూడదు’ అని రాసుకునే అలవాటు కొందరికి ఉంది. పని ముగిశాక అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు. మీ కస్టమర్ల నంబర్లు, ధరలు బయటపెట్టకూడదన్న షరతు చెల్లుతుంది, అది రాయండి.

పని సరిగ్గా చేసిన మనిషికి ఆఖరి వాయిదా మాత్రం ఆపవద్దు. అతనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉంటే, ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదని చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ మీరే కట్టాలి.