బోటు ట్రైలర్ టైర్లు: అరగకపోయినా మార్చాల్సిందే

రాజోలు నుంచి అంతర్వేది వెళ్తుంటే మీ ట్రైలర్ టైరు రెండోసారి పేలిందన్నారు. టైర్లు అరగనే లేదు, పాత కారు టైర్లు చవగ్గా వస్తున్నాయి, వేయించనా అని అడిగారు. వద్దండి.

బోటు ట్రైలర్ తిరిగేది నెలకి రెండు రోజులు, మిగతాదంతా ఎండలో నిలబడడమే. అందుకే టైరు అరగకుండానే ఎండిపోతుంది. టైరు పక్కగోడని బొటనవేలితో గట్టిగా నొక్కండి, సన్నటి బీటలు కనబడతాయి. అక్కడే తయారీ అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే నేనైతే నమ్మను.

సైజు మాత్రం రిమ్ముకి సరిపోయేదే. అసలు చూడాల్సింది బరువు. ఇంజను, పెట్రోలు, వలలతో సహా ఒకసారి కాటా వేయించండి. మొత్తం 1000 కిలోలు వస్తే ఒక్కో టైరు మీద 500. టైరు మీద సైజు పక్కన 88 అని ఉంటే అది మోయగలిగేది 560 కిలోలు, 90 అయితే 600. మీరు 90 తీసుకోండి, మన గతుకులకి ఆ మాత్రం మిగులు ఉండాలి. రెండూ ఒకేసారి, ఒకే రకం. ఒకటి రేడియల్, ఒకటి నైలాన్ అస్సలు వద్దు.

టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. తక్కువ గాలితో లాగితే టైరు వేడెక్కి పేలుతుంది, మీది బహుశా అదే.

ఇంకోటి, రేవుకి చేరగానే ట్రైలర్ని ఉప్పునీళ్లలోకి దింపకండి. వేడి హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) నీళ్లు పీల్చేసుకుంటుంది, బేరింగులు పోతాయి. అరగంట ఆగండి, టీ తాగి రండి. ఇంటి దగ్గర మేం యాక్సిల్ కింద తాటిదుంగలు పెట్టి చక్రాలు లేపేస్తాం, పైన గోనెపట్టా కప్పుతాం.