మైకు ఒక్కటి చాలు

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పెడుతున్న హార్ప్ కచేరీ గురించి నిన్న ఫోన్లో అడిగిన మొదటి మాట, "మావయ్యా, మైకులు ఎన్ని కావాలి?" అని. ఒక్కటి. అది నువ్వు లేచి నాలుగు ముక్కలు మాట్లాడటానికి. మాట్లాడాక దాన్ని కూడా ఆపేసి, స్టాండుతో సహా వేదిక మీంచి తీయించెయ్యి. చెన్నై కోడంబాక్కంలో ముప్పై నాలుగేళ్లు మైకుసెట్లు అద్దెకిచ్చి బతికినవాడు ఇలా అంటున్నాడని మీ అత్త కూడా నవ్వింది. పెళ్లిళ్లకి, కచేరీలకి, పార్టీ మీటింగులకి గొంతు పెంచడమే నా తిండి పెట్టిన పని. ఏ గొంతు జోలికి పోకూడదో కూడా ఆ పనిలోనే తెలిసింది.

హార్ప్, అంటే నిలువు చట్రానికి తీగలు కట్టి వేళ్లతో మీటే పాశ్చాత్య వాద్యం. దానితో రెండు వయొలిన్లు, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన ఒక వయోలా, నేలకి ఆనించి వాయించే పెద్ద వయొలిన్ లాంటి ఒక చెల్లో. అయిదుగురు మనుషులు, నుంగంబాకంలో 120 సీట్ల హాలు. చాంబర్ మ్యూజిక్ అంటే గదిలో కూర్చుని వాయించుకునే సంగీతం. ముందు నిలబడి చెయ్యి ఊపే కండక్టర్ ఉండడు. ఎవరు ఎంత పలకాలో పక్కవాళ్లని విని వాళ్లే సర్దుకుంటారు. మధ్యలో మన మైకు దూరిందా, ఆ సర్దుబాటంతా మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడి చేతికి పోతుంది. వాడు హార్ప్ ముఖం కూడా చూసి ఉండడు. పైగా హార్ప్‌కి 47 తీగలు. పక్కన చెల్లో గట్టిగా పలికితే ఇక్కడ ఎవరూ ముట్టుకోని తీగలు కూడా సన్నగా కదులుతాయి. ఉత్తప్పుడు అది అందమే. మైకు పెట్టి సౌండ్ పెంచితే మాత్రం హౌలింగ్, అదే, స్పీకర్లు కుయ్‌మని కూయడం.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిందల్లా ఆ హాల్లో ఉన్న మిగతా మోతలన్నీ వెతికి పట్టుకుని ఆపడం. కచేరీ ఏ టైముకో సరిగ్గా అదే టైముకి ఒకరోజు వెళ్లి, ఒక్కదానివే పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చో. వినపడినవన్నీ కాగితం మీద రాసుకో. ట్యూబ్‌లైటు చోక్ గుయ్‌మనడం, వాచ్‌మన్ ఫోన్లో పాటలు, వెనక వంటగదిలో స్టీలు గ్లాసుల చప్పుడు, జనరేటరు. పక్కన కల్యాణ మండపం ఉంటే పంచాంగం చూసి ముహూర్తం లేని రోజు పెట్టుకో. నాదస్వరం మీద గెలిచిన హార్ప్ లోకంలో లేదు.

ఏసీ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నేను తప్పు చేసింది ఇక్కడే కాబట్టి. హార్ప్ మీద పై తీగలు నైలాన్, మంద్రానివి లోహం చుట్టినవి, మధ్యలో ఉన్నవి చాలావరకు గట్, అంటే జంతువు పేగుతో చేసినవి. పేగు తీగ గాలిలో తేమ పీల్చుకుంటుంది. మన చెన్నైలో తేమకి కరువా? చాలా ఏళ్ల కింద ఒక హాల్లో ఇలాంటి కచేరీకే నన్ను పిలిచారు. మేనేజరు కరెంటు మిగుల్చుకోడానికి జనం వచ్చేదాకా ఏసీ వెయ్యనన్నాడు. నేనూ సరే అన్నాను. హార్ప్ వాయించే ఆవిడ నాలుగింటి నుంచి చెమటలు కక్కుతూ ఒక్కో తీగా శ్రుతి చేసుకుంది. ఆరింటికి జనం వచ్చారు, ఏసీ ఫుల్లుగా వేశారు. రెండో ఐటమ్‌కే శ్రుతి పక్కకి పోయింది. ఆవిడ ప్రతి ఐటమ్ మధ్యలో తాళంచెవి లాంటి చిన్న పనిముట్టు తీసి పైన మేకుల్ని తిప్పుకుంటోంది. నాలుగోది వాయిస్తుండగా, వయొలిన్లు ఆగి హార్ప్ ఒక్కటే మిగిలిన చోట, టప్ మని ఒక తీగ తెగింది.

అప్పుడు చూశాను. హార్ప్ వెనక డొక్కకి చేతులు పట్టేంత రంధ్రాలుంటాయి. ఆవిడ సంచిలోంచి కొత్త తీగ తీసి, కొసకి ముడి వేసి, ఆ రంధ్రంలోంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీగని లోపల్నుంచి పైకి తోసింది. పైన మేకుకి చుట్టి బిగించింది. హాలంతా పిన్‌డ్రాప్ సైలెన్స్. మళ్లీ మొదలెట్టాక ఆ కొత్త తీగ సాగిపోతూనే ఉంది, రెండు నిమిషాలకోసారి దిగిపోతూనే ఉంది. ఆవిడ నవ్వుతూనే ఉంది కానీ, ఆ నవ్వు నా వైపు తిరిగినప్పుడు నేను కేబుల్ సర్దుతున్నట్టు వంగాను.

అందుకని మధ్యాహ్నం రెండింటికే ఏసీ వేయించు. 25లో పెట్టి రిమోట్ నీ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకో. ఎవరు చలి అన్నా, ఉక్క అన్నా ఇవ్వకు. ఏసీ గాలి నేరుగా హార్ప్ మీద పడకూడదు. సీలింగ్ ఫ్యాన్లు బంద్, లేకపోతే వాళ్లు చూసి వాయించే స్వరాల కాగితాలు ఎగురుతాయి. అయినా ఒక డజను బట్టల క్లిప్పులు దగ్గర పెట్టుకో. హార్ప్ శ్రుతికి కనీసం ముప్పావుగంట ఇవ్వు, ఇంటర్వెల్లో మళ్లీ పది నిమిషాలు. ఆ టైములో హాల్లో కుర్చీలు లాగడం, "హలో మైక్ టెస్టింగ్" అనడం కుదరదు. కాఫీ బయట వరండాలో.

లైట్లు. డెకరేషన్ వాళ్లు పెళ్లి రిసెప్షన్‌లాగా ఎర్రవీ నీలంవీ పెడతామంటారు. వద్దు. అన్ని తీగల్లో తన తీగ ఏదో మీ హార్ప్ ఆవిడకి తెలిసేది రంగుని బట్టి. షడ్జమం తీగలు ఎరుపు, మధ్యమం తీగలు నలుపు, వాళ్ల లెక్కలో సీ, ఎఫ్. మిగతావన్నీ తెలుపే. ఎర్ర లైటు వేశావంటే ఎరుపూ తెలుపూ ఒకటే అయిపోతాయి. తెల్లటి లైటు, కదలకుండా, నీడలు పడని కోణంలో. ఎక్కడ పెట్టాలో ఆవిడని కూర్చోబెట్టి అడుగు.

నేల కూడా చూడాలి. రిసెప్షన్ల ఎర్ర తివాచీ వెయ్యనివ్వకు, అది శబ్దాన్ని తాగేస్తుంది, హార్ప్ కింద కాళ్లతో తొక్కే పెడళ్లకీ అడ్డమే. నున్నటి మార్బుల్ అయితే చెల్లో కింద ఉండే ముల్లు జారిపోతుంది, దానికి రబ్బరు పట్టా కావాలి. చేతుల్లేని కుర్చీలు అయిదు, ఊగనివి. ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం వద్దు, కిర్రుమంటాయి.

బండి సంగతి. హార్ప్ ఇంచుమించు ఆరడుగుల ఎత్తు, దాదాపు 40 కిలోలు. కుట్టి యానైలో, అదే ఆ చిన్న ట్రక్కులో, తాడు కట్టి తెచ్చే సరుకు కాదు. మూసి ఉన్న వ్యాను, లోపల పరుపులు. ఎలా పడుకోబెట్టాలో ఆవిడ చెప్పినట్టే. హాలు మొదటి అంతస్తులో అన్నావు కదా, లిఫ్టు తలుపు టేపుతో కొలిచి రా. ఇది నువ్వు మర్చిపోతావని నాకు తెలుసు, అందుకే మీ ఆయనకి కూడా మెసేజ్ పెట్టాను.

ఏం వాయిస్తారో నెల ముందే అడుగు. మొత్తం 70 నిమిషాలు దాటకపోతే మంచిది. నీకు ఫ్రెంచి స్వరకర్త రవెల్ 1905లో రాసింది ఇష్టమని తెలుసు. కానీ దానికి ఫ్లూటూ క్లారినెట్టూ కూడా కావాలి, ఈ అయిదుగురితో కాదు. అడిగి ఇబ్బంది పెట్టకు. ఇంకో ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ 1904లో రాసిన రెండు నృత్యాలు హార్ప్‌కీ తంత్రీ వాద్యాలకీ రాసినవే. రవెల్ రాసినదాని వెనకా, డెబ్యుసీ రాసినవాటి వెనకా ఒక కంపెనీ గొడవ ఉంది, నాకు భలే ఇష్టం. ప్యారిస్‌లో ప్లెయెల్ అనే కంపెనీ పెడళ్లు లేకుండా, రెండు వరసల తీగలు అడ్డంగా దాటే కొత్త హార్ప్ చేసి, దాన్ని అమ్ముకోడానికి డెబ్యుసీ చేత రాయించింది. పెడళ్ల హార్ప్ చేసే ఎరార్ ఊరుకుంటుందా? రవెల్ చేత రాయించింది. చివరికి ప్లెయెల్ హార్ప్ మూలకి పోయింది, దానికోసం రాసిన డెబ్యుసీ నృత్యాలని ఇప్పుడు పెడళ్ల హార్ప్ మీదే వాయిస్తున్నారు. మైకు కంపెనీల మధ్య కూడా ఇలాంటివి చాలా చూశాను, పాటలు మాత్రం పుట్టలేదు. మీ అయిదుగురికే అచ్చంగా సరిపోయేది ఇంకోటి కావాలంటే, ఇంగ్లీషు స్వరకర్త ఆర్నల్డ్ బ్యాక్స్ 1919లో రాసిన క్వింటెట్, అంటే అయిదు వాద్యాల రచన, ఉంది.

ఇక నువ్వు మాట్లాడే నాలుగు ముక్కలు. ముఖ్య అతిథి, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన అన్నీ చివరికి తోసెయ్యి. ముందు వచ్చినవాళ్లకి ఏం వినాలో చెప్పు. మనవాళ్లు వీణ విన్నవాళ్లు, హార్ప్ తీగ మీద గమకం కోసం ఎదురు చూస్తారు. అక్కడ అది రాదు. తీగ మీటాక స్వరం అలా కరిగిపోవాల్సిందే, వంచడానికి లేదు, నిలపడానికి లేదు. ఆ కరిగిపోయే చోటే కమాను లాగి వాయించే వయొలిన్లూ చెల్లో అందుకుంటాయి. అది వినమను. పెడళ్ల గురించి మనవాళ్లకి చెప్పడం సులువు. ఏడు స్వరాలు, ఏడు పెడళ్లు. రిషభం పెడల్ ఒక మెట్టు కదిపితే హార్ప్ మీదున్న రిషభాలన్నీ ఒకేసారి మారతాయి. ఒక్కో పెడల్‌కి మూడు మెట్లు. ఎరార్ దీనికి పేటెంట్ తీసుకున్నది 1810లో. పైన చేతులు మబ్బుల్లా కదులుతుంటే కింద కాళ్లు కుట్టు మిషను తొక్కినట్టు పనిచేస్తుంటాయి, ముందు వరసవాళ్లని కాళ్లు కూడా చూడమను. చిటికెన వేళ్లు మాత్రం ఖాళీ, హార్ప్‌కి వాటితో పనిలేదు.

వయొలిన్ గురించి ఏమీ చెప్పనక్కర్లేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ మద్రాసులోనే ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకున్న వాద్యం అది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు విని పెరిగిన ముసలాళ్లు మీ కచేరీకి పది మందైనా వస్తారు. వాళ్లు తొడ మీద తాళం వేస్తే వెయ్యనీ. "భేష్" మాత్రం చివరికి దాచుకోమని మెల్లగా చెప్పు.

చప్పట్ల టెన్షన్ నీకెందుకు? ఒకటే గుర్తు చెప్పు. వాయిస్తున్నంతసేపూ హార్ప్ ఆవిడ కుడి భుజానికి ఆనుకుని ఉంటుంది. పాట అయ్యాక అరచేతులు తీగల మీద పెట్టి మోత ఆపి, హార్ప్‌ని ముందుకి తోసి నిలబెడుతుంది. నిలబెట్టాక కొట్టండి అని చెప్పు. డెబ్యుసీది మొదటి నృత్యంలోంచి ఆపకుండానే రెండోదానిలోకి పోతుంది, ఈ గుర్తు అక్కడ నిన్ను కాపాడుతుంది. దగ్గు గోళీల కాగితం ముందే విప్పుకు రమ్మను. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టడం కాదు, పూర్తిగా ఆఫ్. పట్టుచీరలు, పూలు హాయిగా. చేతినిండా గాజులు వేసుకున్న మీ అత్తని నా పక్కన కూర్చోబెట్టు, నేను చూసుకుంటాను.

కచేరీ మర్నాడు ఆవిడకి టైముంటే ఎగ్మూర్ మ్యూజియంకి తీసుకెళ్లు. శుక్రవారం సెలవు, చూసుకో. అక్కడ మన అమరావతి శిల్పాలున్నాయి. ఆ కాలపు రాళ్ల మీద వాద్యకారుల ఒళ్లో విల్లులా వంగిన వీణలుంటాయి, తమిళులు యాళ్ అని చెప్పుకునేదీ ఆ కుటుంబమే. హార్ప్‌కి అవి దూరపు చుట్టాలు. అదే ఆవరణలో 1896లో కట్టిన మ్యూజియం థియేటర్ ఉంది, సభల్లోకి మైకులు రాక ముందుది. బయట నుంచైనా చూపించు.

నేను రెండున్నరకే వచ్చేస్తాను. వెనక వరసలో, జనరేటర్ గది తలుపుకి దగ్గరగా ఒక కుర్చీ వేయించు. కరెంటు పోతే ఆ ఆపరేటర్ పరిగెత్తకుండా పట్టుకునే మనిషి కావాలి కదా. చీకట్లోనే కాసేపు వాయించగలరేమో ముందే అడిగి ఉంచు. ఫ్లాస్కులో కాఫీ నేనే తెస్తాను, చక్కెర లేకుండా.

మీ మావయ్య