పొడి వద్దు, గింజలే కావాలంటే: గుంటూరు, విజయవాడ వాళ్ళకి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, ఇద్దరికి రోజుకి నాలుగు కప్పులు. స్టీలు ఫిల్టరూ, ఒక ఫ్రెంచ్ ప్రెస్సూ (పొడిని వేడినీళ్ళలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే జాడీ) ఉన్నాయి. పొడి మానేసి గింజలు తెస్తున్నారు. ఒకసారి కాఫీ అదిరిపోతోంది, అదే కంపెనీ గింజలు ఇంకోసారి చప్పగా ఉంటున్నాయి. ఇక్కడ గానీ విజయవాడలో గానీ నమ్మకమైన చోటు ఏదని అడిగారు.

చోటు సంగతి తర్వాత. అదే కంపెనీ గింజలు రెండు రకాలుగా ఉంటున్నాయంటే ముందు అనుమానించాల్సింది తేదీని. ఖాళీ కవరు ఇంకా ఉంటే తిప్పి చూడండి. ప్యాక్ చేసిన తేదీ వేరు, వేయించిన తేదీ వేరు. చాలా కవర్ల మీద మొదటిదే ఉంటుంది. జనవరిలో వేయించి డ్రమ్ముల్లో ఉంచి మార్చిలో కవర్లలో పోసినా దాని మీద పడేది మార్చే. పన్నెండు నెలల్లోపు వాడమని రాసేది పాడవదని చెప్పడానికే, అన్నాళ్ళూ రుచి నిలుస్తుందని కాదు. వేయించిన 5వ రోజు నుంచి 30వ రోజు దాకా గింజ మంచి ఊపులో ఉంటుంది. 45 రోజులు దాటిన గింజని నేనైతే సగం ధరకిచ్చినా తీసుకోను. వేయించిన తేదీ వెయ్యని కంపెనీ గింజలు అసలు కొనకండి. కంపెనీల వడపోతలో సగం ఇక్కడే అయిపోతుంది.

తేదీ లేకుండా ఇప్పటికే కొనేసి ఉంటే ఒక పరీక్ష ఉంది. జిప్ కవర్లో 50 గ్రాములు పోసి, గాలంతా నొక్కి తీసేసి, మూతి బిగించి రాత్రంతా వదిలెయ్యండి. ఈమధ్యే వేయించిన గింజ ఇంకా కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి కవరు దిండులా ఉబ్బుతుంది. నొక్కినట్టే అణిగి ఉంటే వేయించి చాలా రోజులైనట్టే. వాసన కూడా చూడండి. వంటింట్లో ఒక మూల మర్చిపోయిన వేరుశనగ నూనె డబ్బా మూత తీస్తే వస్తుందే, ఆ ముక్కిపోయిన వాసన వచ్చిందంటే గింజలో నూనె చెడింది. దానికి పంచదార ఎంత పోసినా లాభం లేదు.

పైకి నూనె తేలి నిగనిగలాడే గింజ తాజాదని కొందరు అనుకుంటారు. నల్లగా వేయించిన దానికి నూనె త్వరగా పైకి వస్తుంది, అంతే. మధ్యస్థంగా వేయించిన గింజ పొడిగా, మ్యాట్‌గా ఉండాలి. అలాంటి గింజ మీద నూనె మెరుస్తోందంటే పాతబడిందని అర్థం.

ఇక చోటు.

గింజలు మీ ఎదురుగా మర ఆడి పొడి కట్టిచ్చే కాఫీ కొట్టు మీ చుట్టుపక్కల ఉంటే మొదట అక్కడికే వెళ్ళండి. "పావు కిలో ఆడించకుండా గింజలే ఇవ్వండి" అంటే మారుమాట లేకుండా ఇచ్చే కొట్లు ఉన్నాయి. గింజలు తూచేముందు మూడు విషయాలు అడగండి. వేయించేది మీరేనా, వేయించినవి తెప్పిస్తారా? ఈ వారం వేయించింది ఏ రోజు? ఇది ప్లాంటేషన్-ఎ (అరబికాలో పెద్ద గింజ) రకమా, పీబెర్రీనా (కాయలో ఒక్కటే గుండ్రంగా పెరిగే గింజ), రోబస్టా ఎంత కలిపారు? (అరబికా సువాసన ఎక్కువున్న రకం, రోబస్టా చేదూ చిక్కదనం ఎక్కువున్న రకం.) మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే అది మంచి కొట్టు. అప్పుడు వేయించిన రోజు సాయంత్రమో మర్నాడో వెళ్ళండి. ఆన్‌లైన్లో ఎంత పెట్టినా అంత తాజా గింజ రాదు. కొట్లలో రెండు చిక్కులు ఉంటాయి. గాజు జాడీల్లో, మూత లేని డబ్బాల్లో గింజలు రోజుల తరబడి గాలికి ఉంటాయి. అందుకే పై జాడీలోవి కాకుండా లోపలి బస్తాలోవి అడగండి. రెండోది, అక్కడే ఆడించుకుంటే మీ ముందు వాళ్ళు ఆడించిన, చికోరీ (చిక్కదనానికి కాఫీలో కలిపే వేరు పొడి) కలిసిన పొడి మర నోట్లో మిగిలి ఉంటుంది. మీ పొడిలో మొదటి గుప్పెడు వాళ్ళదే.

విజయవాడలో కాఫీ యంత్రం పెట్టుకున్న కెఫేలు బెంజి సర్కిల్ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. వాళ్ళలో కొందరు తమ యంత్రానికి వాడే గింజల్నే పావు కిలో కవర్లలో అమ్ముతారు. అరలో అలంకారానికి పెట్టిన కవరు తీసుకోకండి, తేదీ చూసి లోపలి నుంచి కొత్తది తెమ్మనండి.

సూపర్ మార్కెట్ అరలోని గింజల జోలికి వెళ్ళకపోవడమే మంచిది. ఇక్కడ పొడికే గిరాకీ కాబట్టి గింజల కవర్లు నెలల తరబడి అక్కడే కూర్చుంటాయి.

అరకు గురించి అడక్కుండా ఎవరూ ఉండరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో సుమారు 1000 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరబికా అది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన రాష్ట్రపు కాఫీ అని కాదు గానీ, మధ్యస్థంగా వేయించింది దొరికితే ఫ్రెంచ్ ప్రెస్‌కి దానికి మించింది వెతకక్కర్లేదు. ఒక జాగ్రత్త: గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ దుకాణాల్లో మామూలుగా కనపడేది పొడి. తీసుకునేముందు చికోరీ కలిసిందో లేదో కవరు మీద చూడండి. గింజలు ఉన్నాయా అని విడిగా అడగాలి. అరకు పేరుతోనే ఉన్న బ్రాండు గింజలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. విహారానికి వెళ్ళినప్పుడు అనంతగిరి ఘాట్ దారిలో బల్లల మీద పోసి అమ్మేవి మాత్రం సరదాకి ఓ 100 గ్రాములు కొనుక్కోండి. ఎప్పుడు వేయించారో అమ్మేవాళ్ళకే తెలియని గింజని రెండు కిలోలు మోసుకొచ్చి బంధువులకి పంచడం ఎందుకు?

ఆన్‌లైన్లో బ్లూ టోకై అనే కాఫీ కంపెనీ వాళ్ళు కవరు మీద వేయించిన తేదీ వేస్తారు. కొత్తవాళ్ళకి అక్కడ మొదలెట్టమంటాను. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో రోస్టరీ కాఫీ హౌస్ ఉంది. అక్కడి నుంచి మీ వాళ్ళెవరైనా వస్తుంటే ఓ కవరు తెమ్మనండి. ఎవరి దగ్గర కొన్నా ఆర్డరు ఆదివారం రాత్రి పెట్టండి. సోమ, మంగళవారాల్లో వేయించి పంపితే వారం మధ్యలో అందుతుంది. గురువారం పెడితే శని, ఆదివారాలు ఏదో గోడౌనులో గడుస్తాయి. వేసవిలో అది మామూలు నష్టం కాదు. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, రేకుల షెడ్డులో కాఫీ గింజ ఎంత? మే నెలలో వీలైనంత వరకు దగ్గరి కొట్టులోనే కొనండి.

ఎంత కొనాలన్నది లెక్క. కప్పుకి 10 గ్రాముల చొప్పున నాలుగు కప్పులకి రోజుకి 40 గ్రాములు. పావు కిలో ఆరు రోజులు, అర కిలో పన్నెండు రోజులు. అంటే పన్నెండు రోజులకోసారి అర కిలో చాలు. కిలో మీద తగ్గింపు ఇస్తున్నారని కిలో కొంటే చివరి పావుకిలో దగ్గరికి వచ్చేసరికి ఆ తగ్గింపు రుచిలోంచే కట్టయిపోతుంది.

ఇంతవరకూ వచ్చినవాళ్ళు కూడా బోల్తా పడేది రకం దగ్గర. ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుక చికోరీకి అలవాటు పడి ఉంటుంది. మన చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, కవరు మీద శాతం రాయాలి. గింజల్లో చికోరీ ఉండదు కదా. దాంతో మొదటిసారి డికాక్షన్ చూసి "ఏంటండీ ఇది, నీళ్ళలా ఉంది" అంటారు ఇంట్లో. గింజ తప్పు కాదది. చికోరీ పొడి విడిగా కొనుక్కుని 90 గ్రాముల కాఫీకి 10 గ్రాములు కలపండి. 20 దాటనివ్వకండి. చికోరీ వద్దనుకుంటే 70 పాళ్ళు అరబికా, 30 పాళ్ళు రోబస్టా అడగండి, చిక్కదనం వస్తుంది. పాలు పోసుకునేవాళ్ళు తేలిగ్గా వేయించిన గింజ కొనొద్దు. దానికుండే పులుపు పాలలో ఎబ్బెట్టుగా ఉంటుంది, పాలు విరిగాయేమో అనుకుంటారు. మీడియం-డార్క్ అని రాసినది తీసుకోండి. పులుపు అసలు పడనివాళ్ళకి మాన్సూన్డ్ మలబార్ ఉంది. పశ్చిమ తీరంలో వానాకాలపు గాలి తగిలేలా పచ్చి గింజల్ని నెలల తరబడి పరిచి ఉంచుతారు. గింజ ఉబ్బి పాలిపోతుంది, పులుపు పోతుంది. ఫ్రెంచ్ ప్రెస్‌లో పాలు లేకుండా తాగేవాళ్ళకి మీడియం అరబికా.

మర విషయంలో మొహమాటపడను: గింజలు కొని, బ్లేడ్లున్న మిక్సీలో ఆడితే మీరు పెట్టిన డబ్బులో సగం పోయినట్టే. బ్లేడు గింజని కోస్తుంది, సమానంగా నలపదు. కొంత పిండి, కొంత పలుకు అవుతుంది. పిండి చేదు దిగుతుంది, పలుకు పుల్లగా మిగిలిపోతుంది, రెండూ ఒకే కప్పులో కలుస్తాయి. స్టీలు కోన్ ఆకారపు బర్ (గింజని నలిపే పళ్ళ చక్రం) ఉన్న చేతి గ్రైండరు కొనండి. 20 గ్రాములకి ఒక నిమిషం తిప్పితే చాలు. కొనేదాకా మిక్సీయే దిక్కంటే 30 గ్రాములు వేసి, మూడు సెకన్లు తిప్పి ఆపి, జారు కుదిపి, మళ్ళీ మూడు సెకన్లు, ఇలా ఆరేడుసార్లు. ఏకబిగిన తిప్పితే పొడి వేడెక్కుతుంది.

గుంటూరు కాబట్టి ఇది విడిగా చెప్పాలి. కారం ఆడిన జారులో కాఫీ ఆడకండి. స్టీలు కడిగితే పోతుంది గానీ మూత చుట్టూ ఉన్న రబ్బరు వాషరు ఘాటుని పట్టుకుని వదలదు. ఉతికినట్టు కడిగి ఎండబెట్టిన వాషర్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, తుమ్మొస్తుంది. కాఫీకి ఒక చిన్న జారు విడిగా పెట్టుకోవాలి, లేదా కనీసం వాషరైనా మార్చాలి.

ఎంత సన్నగా అంటే, ఫ్రెంచ్ ప్రెస్‌కి ఇడ్లీ రవ్వంత. స్టీలు ఫిల్టర్‌కి బొంబాయి రవ్వ కంటే కాస్త సన్నం, రెండు వేళ్ళ మధ్య నలిపితే పలుకు తెలియాలి. పిండిలా మెత్తగా చేస్తే డికాక్షన్ దిగదు. ఫిల్టర్ పై అరలో 30 గ్రాములు వేసి, గొడుగుతో (ఫిల్టర్‌లో పొడి మీద పెట్టే కాడ ఉన్న చిల్లుల బిళ్ళ) ఊరికే సమం చెయ్యండి, అదమకండి. ముందు 40 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు పోసి అర నిమిషం ఆగండి. తాజా పొడి బుసబుసా పొంగి, బుడగలు పగిలి, మళ్ళీ అణుగుతుంది. అప్పుడు మిగతా 140 పోయండి. ఈ ఆగడం లేకుండా ఒకేసారి పోస్తే లోపలి గాలి గొడుగుని పైకి ఎత్తేస్తుంది, నీళ్ళు ఒక పక్క నుంచి జారిపోతాయి. వేయించి రెండు మూడు రోజులే అయిన గింజతో ఇది మరీ ఎక్కువ, అందుకే 5వ రోజు దాకా ఆగమన్నది. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో 120 మిల్లీలీటర్లు దిగాలి, పొడి 60 దాకా తాగేస్తుంది. కప్పుకి 40 డికాక్షను, 100 పాలు, మూడు కప్పులు. ఐదు నిమిషాల్లోనే దిగిపోతే మర సన్నం చెయ్యండి, గంటైనా దిగకపోతే ముతక చెయ్యండి. ఫ్రెంచ్ ప్రెస్‌కి అదే 30 గ్రాములు, 450 నీళ్ళు, నాలుగు నిమిషాలు.

గింజ మంచిదే, తేదీ మంచిదే, మరా సరిగ్గానే ఉంది, అయినా చప్పగా ఉందంటే నీళ్ళు చూడండి. కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడితే బోరు నీళ్ళు బాగా కఠినంగా ఉన్నట్టు, కాఫీ మొద్దుబారుతుంది. ఆర్వో నీళ్ళలో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 30 కంటే తక్కువుంటే ఇంకో రకంగా తేలిపోతుంది. ఆర్వో మిషను మీటరు మీద 80 నుంచి 150 మధ్య ఉండేలా చూసుకోండి.

నిల్వకి గాలి చొరని డబ్బా, పొయ్యికి దూరంగా ఉండే చీకటి అర చాలు. ఫ్రిజ్ కింది అరల్లో వద్దు, ఆవకాయ పక్కన కూర్చున్న కాఫీకి ఆవకాయ వాసనే వస్తుంది. అర కిలో తెస్తే సగం బయట, సగం ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు, కాకపోతే జిప్ కవర్లో గాలి తీసి, దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టాలి. బయటికి తీశాక కనీసం నాలుగు గంటలు మూత తెరవకండి. మన ఉక్కపోతలో చల్లటి గింజ మీద నిమిషంలో చెమట పడుతుంది, ఆ తడి గింజలోకి దిగిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు తీసి బల్ల మీద పెట్టేస్తే పొద్దున్నకి సరిపోతుంది.